తోకచక్రం వణుకును నేను సరిచేసిన విధానం

4130 క్రోమోలీ అనే గట్టి మిశ్రమ స్టీలు గొట్టాలతో నేను సొంతంగా నిర్మించుకున్న తేలికపాటి బుష్ విమానం (గరుకు నేలపైనా దిగగల చిన్న విమానం) గాలిలో చక్కగా మాట వినేది. కానీ నేలకు దిగి వేగం తగ్గుతున్న దశలో తోక కింద ఉండే చిన్న తోకచక్రం ఉన్నట్టుండి అటూ ఇటూ విపరీతంగా కొట్టుకుని, విమానాన్ని పక్కలకు తిప్పే రడ్డర్ పెడళ్లు పాదాల కింద అదిరిపోయేవి. ముందుగా టైరులో గాలిని, బేరింగులను, తోకచక్రాన్ని రడ్డర్‌తో కలిపే స్టీరింగ్ గొలుసుల బిగువును పరీక్షించాను; అవన్నీ సక్రమంగానే ఉన్నాయి.

ఆపై ఇంధనం, సామాను నింపి, ఇద్దరిని కూర్చోబెట్టి, చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు ఇరుసుకు వాలు కోణాన్ని చూపే డిజిటల్ లెవెల్ ఆనించి చూస్తే అసలు కారణం తెలిసింది. తోకచక్రాన్ని మోసే ఆకు స్ప్రింగు (వంచిన స్టీలు పట్టీ) వంపు కోల్పోయి చదునైపోవడంతో ఇరుసు పైకొస ముందుకు వాలింది. బరువు పడినప్పుడు అది నిటారుగానో, కాస్త వెనక్కి వాలో ఉండాలి. ముందుకు వాలితే, పక్కకు తిరిగిన ప్రతిసారీ చక్రం తోకను కొద్దిగా పైకి లేపుతుంది; ఆ తోక బరువే చక్రాన్ని బలంగా మధ్యకు తోసి అవతలి వైపుకు దాటిస్తుంది, ఊగిసలాట అలా పెరిగిపోతుంది.

స్ప్రింగు కింద వాలు పలక పెట్టి కోణం సరిచేయవచ్చు గానీ, అలసిన లోహాన్ని నమ్మడం నాకు సమ్మతం కాదు. అందుకే సరైన వంపుగల కొత్త స్ప్రింగును కొత్త బోల్టులతో బిగించి, అదే బరువుతో మళ్లీ కొలిచాను. పైకొస వెనక్కి వాలి కనిపించింది. ఆ తరువాత గరుకు నేలపైనా, తారు రన్‌వేపైనా దిగినప్పుడు పెడళ్లు అదరలేదు.