పాత భవనాన్ని కాపాడాలంటే ముందు తూము చూడండి

ఊరి నడిబొడ్డున పాత భవనాన్ని కూల్చి కొత్త కాంప్లెక్స్ కడతారని తెలియగానే అందరం చేసే మొదటి పని సంతకాలు సేకరించడం. నేనూ మొదటిసారి అదే చేశాను. మూడు వారాలు తిరిగి పెద్ద కట్ట పట్టుకెళ్తే, అక్కడి అధికారి ఓపిగ్గా తిరగేసి, "బిల్డింగు ప్రమాదకరంగా ఉందని ఇంజినీరు రిపోర్టు ఇచ్చాడు కదండీ" అన్నాడు. ఆ రిపోర్టు రెండంటే రెండు పేజీలు. దాని ముందు మా కట్ట నిలవలేదు. కట్టడాల కొలతలు తీసి డ్రాయింగులు గీయడం నా వృత్తి కాబట్టి అందులో తప్పేమిటో చదవగానే అర్థమైంది. కానీ అప్పటికే అభ్యంతరాల గడువు దాటిపోయింది. ఆ తర్వాత మరో రెండు భవనాల కోసం తిరిగాను. ఒకటి నిలబడింది. ఆ తిరుగుళ్లలో నేర్చుకున్నది ఇది.

వాన పడుతుండగా భవనం దగ్గరికి వెళ్లండి. గొడుగు వేసుకుని చుట్టూ ఒకసారి తిరగండి. పైకప్పు నీళ్లు గొట్టాల్లోంచి కాకుండా గోడ మీదుగా జారుతున్నాయంటే కూల్చివేత అప్పుడే మొదలైందనుకోండి. పాత కట్టడాలు వయసు వల్ల పోయేది తక్కువ, నీటి వల్ల పోయేది ఎక్కువ. పైకప్పు నీళ్లు బయటికి పోయే తూములో ఆకులు పేరుకుంటాయి, నీరు వెనక్కి తన్ని గోడలోకి దిగుతుంది, గోడలో కూర్చున్న దూలం కొన నానుతుంది. కుళ్లేది లోపలి కొన కాబట్టి కిందనుంచి చూసేవాళ్లకి దూలం నిక్షేపంలా కనిపిస్తుంది. కొందరు యజమానులు కావాలనే తూము బాగు చేయించరు. నాలుగైదేళ్లు అలా వదిలేస్తే "ప్రమాదకరం" అన్న మాట నిజంగానే నిజమవుతుంది. అందుకే శుభ్రం చేయిస్తామని, ఖర్చు మేమే పెట్టుకుంటామని యజమానికి ఉత్తరం రాయండి. ఒప్పుకుంటే సగం పని అయినట్టే. ఒప్పుకోకపోతే ఆ ఉత్తరం నకలు మీ ఫైల్లో ఉంటుంది, తర్వాత పనికొస్తుంది. అనుమతి లేకుండా మాత్రం ఎక్కకండి. ఎక్కితే ఎదుటివాళ్లకి మీరే కేసు చేతికిచ్చినట్టు.

ఇక రిపోర్టు. దాన్ని ఎవరు రాయించారు, రాసినవాళ్లు లోపలికి వెళ్లి చూశారా, గోడ ఎక్కడైనా విప్పి చూశారా, పగుళ్లని కొలిచారా లేక ఫొటో తీసి ఊరుకున్నారా? ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. పగులు ఉన్నంత మాత్రాన గోడ కూలిపోదు. అంచులు మొద్దుబారి, లోపల దుమ్మూ పాత రంగూ నిండి ఉంటే అది ఎప్పుడో వచ్చి ఆగిపోయిన పగులై ఉండొచ్చు. అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటే అది కొత్తది. కదులుతోందో లేదో తెలియాలంటే పగులుకి అడ్డంగా సన్నటి గాజు పలక అతికించి పక్కన తేదీ రాయండి, గోడ కదిలితే గాజు పగులుతుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే పగులుకి అటూ ఇటూ రెండు మేకులు బిగించి, వాటి మధ్య దూరాన్ని నెలకోసారి కాలిపర్స్‌తో, అంటే సన్నటి దూరాలు కొలిచే పరికరంతో, కొలవండి. ఎప్పుడూ ఒకే వేళకి కొలవాలి, ఎందుకంటే ఎండకీ చలికీ గోడ కొంచెం ఆడుతుంది. నేను మొదటిసారి తడి గోడ మీద గాజు అతికించాను. అది పగలకుండానే ఊడి కింద పడింది. వాచ్‌మన్ ఆ చప్పుడు విని భవనం కూలిపోతోందని వీధంతా చాటాడు. ఆ టెన్షన్ తగ్గడానికి వారం పట్టింది.

మీ తరఫున వేరే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి, అయితే సున్నంతో కట్టిన గోడలు చూసిన అనుభవం ఉన్నవాళ్లనే పిలవాలి. కాంక్రీటు స్తంభాల లెక్కలకే అలవాటుపడ్డవాళ్లకి రెండడుగుల మందం ఇటుక గోడ ఎలా నిలబడుతుందో సరిగ్గా పట్టుబడదు. మంచి మనసుతో సిమెంటు పూయిస్తామని వచ్చేవాళ్లని కూడా ఆపాలి. సున్నం గోడలోని తేమని బయటికి వదిలేస్తుంది. సిమెంటు గట్టిది, తేమని లోపలే బంధిస్తుంది, కొన్నాళ్లకి ఇటుక ముఖాలే రాలిపోతాయి.

కాగితాల పని విసుగే, కానీ తప్పదు. దస్తావేజుల నకళ్లు, పాత సర్వే మ్యాపులు, పాత ఫొటోలు తెచ్చుకుని, ఈ కట్టడం పోతే సరిగ్గా ఏం పోతుందో ఒక్క పేజీలో రాయండి. "చాలా పాతది" అని రాస్తే లాభం లేదు. ఎలాంటి కప్పు, ఎవరు వాడారు, వీధికి దానితో ఏం సంబంధం అన్నది రాయాలి. రుజువు లేని ఏడాది వేయకండి, ఒక్క తేదీ తప్పయినా ఎదుటి లాయరు మిగతా అన్నిటినీ దాంతోనే కొట్టేస్తాడు. రక్షిత కట్టడాల జాబితాకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: రక్షణ మొదలయ్యేది దరఖాస్తు పెట్టిన రోజు నుంచా, నిర్ణయం వచ్చిన రోజు నుంచా? ఈ నియమం చోటుని బట్టి మారుతుంది, ఆ మధ్య రోజుల్లోనే బుల్డోజర్లు వస్తాయి. ప్రతి కాగితానికీ స్టాంపు వేసిన రసీదు తీసుకోండి.

ఆలస్యం ఎంత పని చేస్తుందో న్యూయార్క్‌లో చూడొచ్చు. అక్కడి పెన్ స్టేషన్ అనే రైల్వే స్టేషన్‌ని 1963లో కూల్చడం మొదలుపెట్టారు, కట్టడాల రక్షణ చట్టం 1965లో వచ్చింది. అదే ఊళ్లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి 1967లో ఆ చట్టం కింద రక్షణ దొరికింది. దాని మీద 55 అంతస్తుల టవర్ వేస్తామని యజమానులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1978లో 6-3 తేడాతో ఓడిపోయింది. ఆ తీర్పులో నాకు బాగా నచ్చినది వేరే ఉంది. స్టేషన్ మీద కట్టుకోలేని అంతస్తుల హక్కుని దగ్గరలోని ఇతర స్థలాలకి మార్చుకునే వీలుంది కదా అని కోర్టు గమనించింది. యజమానికి దారులన్నీ మూసుకుపోలేదు.

అందుకే డెవలపర్‌ని కలవడానికి మొహమాటపడకండి. అతనికి నిజంగా కావలసింది ఏమిటో అడగండి. పార్కింగా, రోడ్డు వెడల్పా, ఇన్ని చదరపు అడుగులా? నేను తిరిగిన ఒక చోట అతని కన్నంతా వెనక ఖాళీ జాగా మీదే, ముందున్న పాత భవనం లెక్కలో అడ్డొచ్చిందంతే. పాతది ఉంచి వెనక కొత్తది లేపితే ఎలా ఉంటుందో ఒక్క షీట్ గీసి ఇచ్చాను. చర్చ అక్కడినుంచి మొదలైంది. ముందు గోడ ఒక్కటి ఉంచి వెనకంతా కూల్చే బేరం వస్తుంది, అది నాకు అసలు నచ్చదు, వేరే దారి లేనప్పుడే ఒప్పుకోండి.

లోపల ఏం నడుస్తుందో కూడా మీరే చెప్పగలగాలి. ఖాళీ భవనానికి దిక్కు ఉండదు. పారిస్‌లో 1900లో తెరిచిన ఓర్సే రైల్వే స్టేషన్‌ని తీసేసి హోటల్ కట్టాలనుకున్నారు, 1986లో అదే మ్యూజియంగా తెరుచుకుంది. అంత పెద్దవి మనకి అక్కర్లేదు. అద్దె కట్టే నలుగురు దొరికితే చాలు, మెట్ల కింద జెరాక్స్ షాపైనా సరే.

కూలీలని, లోపలి అద్దెదారులని మర్చిపోకండి. సిడ్నీలో 1970ల మొదట్లో జాక్ మండీ నాయకత్వంలోని నిర్మాణ కార్మికుల సంఘం కూల్చే పని చేయడానికి నిరాకరించింది, ద రాక్స్ అనే పాత పేట అందువల్ల నిలిచింది.

నిలబడుతుందన్న ఆశ ఉన్నా లేకపోయినా కొలతలు తీసి పెట్టుకోండి. ప్రతి గదీ, ప్రతి తలుపూ, పక్కన స్కేలు పెట్టి ఫొటో. మొదటి భవనానిది నా దగ్గర ఇప్పుడు ఆ డ్రాయింగుల చుట్ట ఒక్కటే ఉంది.

నిలిచిన భవనంలో నోటీసు బోర్డు మీద తూము శుభ్రం చేసేవాళ్ల వంతుల పట్టిక అంటించి ఉంటుంది. వచ్చే నెల నాది.