తడబడే చదువుకు తోడు – 4వ పాఠం: తప్పు చదివాక మీరేం చేస్తారు?

పిల్లవాడు పైకి చదువుతుంటే దిద్దకుండా పక్కన కూర్చుని, దేన్ని దేనిగా పలికాడో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీయండి. ఈ పాఠమంతా దానితోనే.

ముందు ఆ తప్పుల్ని వేరుచేయాలి. ‘వలస’ను ‘పలస’ అన్నాడంటే ఆకారాలు కలిసిపోతున్నాయి. ‘పాలు’ను ‘పలు’ అన్నాడంటే దీర్ఘం జారిపోయింది. ‘పలక’ ఉన్నచోట ‘పడవ’ అన్నాడంటే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు. ‘భక్తి’ని ‘భకిత’ అన్నాడంటే అది పూర్తిగా వేరే సంగతి. అన్నింటికీ కలిపి ‘సరిగ్గా చూసి చదువు’ అంటే వాడికి అందేది మన విసుగు ఒక్కటే.

డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లలకు అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మాటలోని శబ్దాలను విడదీసి, వాటిని అక్షరాలతో జతచేయడంలోనే ఎక్కువమందికి చిక్కు వస్తుంది. అందుకే సాధన చెవితో మొదలుపెట్టాలి.

‘భక్తి’ దగ్గర కాసేపు ఆగుదాం. ఒత్తులు వచ్చేసరికే చాలామంది పిల్లలు చదువు మీద ఆశ వదిలేస్తారు. కాగితం మీద గుడి ‘క’ నెత్తిన ఉంది, ‘త’ ఒత్తు కింద ఉంది. పలికేటప్పుడు మాత్రం ‘క్’ ముందు వస్తుంది, తర్వాత ‘తి’. అంటే ‘క’ మీదున్న గుడి నిజానికి కిందున్న ‘త’ది. ‘భకిత’ అన్న పిల్లవాడు తన కంటికి కనిపించిన వరుసలోనే చదివాడు. అది అజాగ్రత్త కాదు. ఆ మాట వాడికి చెప్పండి: “నువ్వు చూసింది చూసినట్టే చదివావు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చూపిస్తాను.”

పుస్తకం మూసేయండి. ‘భక్తి’ అని మీరు పలికి, వాడితో రెండు చప్పట్లు కొట్టించండి: భక్, తి. రెండో చప్పట్లో ఏం వినిపించిందో అడగండి. ‘తి’ అని వాడి నోటి నుంచే రావాలి. ఇప్పుడు పెద్ద అక్షరాలతో మాట రాయండి. ‘క’ నల్లగా, ‘త’ ఒత్తూ గుడీ రెండూ ఎర్రగా. ఎర్రవి రెండూ కలిసి పలుకుతాయని చెప్పి, ఆ రెంటి మీదా వేలు పెట్టించి ‘తి’ అనిపించండి. తర్వాత శక్తి, ముక్తి, యుక్తి. ఇవి కుదిరేదాకా ‘మిత్రుడు’ జోలికి పోవద్దు. అక్కడ కొమ్ము ‘త’ మీద ఉంటుంది, పలికేది ‘ర’ తర్వాత. సూత్రం అదే, ఒత్తు కొత్తది. మ, న, త, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు కాబట్టి ఒక్కోదాన్నీ విడిగా పరిచయం చేయాలి. అమ్మ, అన్న లాంటి ద్విత్వాలు వచ్చాకే సంయుక్తాలు.

ఆకారాలు కలిసిపోయే పిల్లలకు ప, వ రెండూ ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది. వేలితో ఇసుకలోనో గరుకు కాగితం మీదో దిద్దుతూ ఆ శబ్దాన్ని పైకి పలకాలి. కన్ను, చెవి, చెయ్యి కలిపి నేర్పే ఈ పద్ధతికి 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అనా గిలింగ్‌హామ్ అనే విద్యావేత్త పునాది వేశారు. నోరు మెదపకుండా పదేసి సార్లు రాయించడం మీద మాత్రం నాకు నమ్మకం లేదు. మూడోసారికే చెయ్యి యంత్రంలా కదులుతుంది, శబ్దం ఎక్కడో ఉండిపోతుంది.

చదువుతూ చదువుతూ ఎక్కడైనా తప్పితే? వెంటనే అందుకోకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి, కొన్ని వాడే దిద్దుకుంటాడు. దిద్దుకోకపోతే తప్పిన భాగం కింద వేలు పెట్టండి. అప్పటికీ రాకపోతే మీరే పలికి, వాడితో పలికించి, వాక్యం మొదటినుంచి చదివించండి. ‘కాదు’ అనే మాట అవసరం పడదు. పది మాటల్లో ఒకటికంటే ఎక్కువ తప్పుతుంటే లోపం పుస్తకం ఎంపికలో ఉంది, తేలికది తీసుకోండి. ముందుగా చూసుకోని పేజీని తరగతి అందరిముందూ చదవమనకండి. ఏ పేరా చదవాలో ముందురోజే చెప్పి ఇంటికి పంపండి.

ఇదంతా చదువు నేర్పే సమయంలోనే. లెక్కల క్లాసులో లెక్కను మీరే చదివి వినిపించండి, అక్కడ పరీక్షించాల్సింది లెక్క. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఎంతకీ చదవడం రాని 14 ఏళ్ల తెలివైన కుర్రాడి గురించి రాశాడు. బోధన అంతా నోటిమాటగా జరిగితే బడిలో వాడే అందరికంటే చురుకైనవాడని వాడి మాస్టారు చెప్పాడట. ఆ మాస్టారికి అంత స్పష్టంగా తెలిసిన సంగతి మన టైమ్‌టేబుల్‌లోకి ఇంకా సరిగ్గా ఎక్కలేదు.

ఈ వారం పని: మీ కాగితంలో ఎక్కువసార్లు కనిపించిన తప్పు రకం ఒక్కటే ఎంచుకోండి. రోజుకు పది నిమిషాలు దానికే. మిగతావి ఎదురైతే మాట అందించి ముందుకు వెళ్లిపోండి. వచ్చే పాఠం రాతలో తప్పుల గురించి. పది మాటలు చెప్పి రాయించి, దిద్దకుండా ఆ పేజీ దాచి ఉంచండి.