ఒకరు మాత్రం గడ్డి వైపు చూడొద్దు

వానలు వెనకపట్టాయి. అండమాన్‌లో సముద్రపు గడ్డి ఎక్కడ ఎంత ఉందో చూసే లెక్కలకు వెళ్లే రోజులు మళ్లీ వచ్చాయి. ఈసారి మా జట్టులో కొత్తవాళ్లు ఎక్కువ. సగంమంది ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వేటకొచ్చి ఉండిపోయిన కుటుంబాలవాళ్లు. మిగతా సగం విశాఖ వైపు నుంచి చదువుకోసం వచ్చినవాళ్లు. అందరిదీ ఒకటే ధీమా, సముద్రం మాకు కొత్తా అని. ఆ ధీమాను చూసే ఇది రాస్తున్నాను.

విశాఖలో మనం భయపడేది అలకి. అల కనిపిస్తుంది, వినిపిస్తుంది, మనిషి జాగ్రత్తపడతాడు. ఇక్కడ గడ్డి పెరిగే చోట, పగడపు దిబ్బల లోపలి వైపు, అల ఉండదు. అమావాస్యకో పౌర్ణమికో నీరు బాగా తీసినప్పుడు నేల బయటపడుతుంది. చీలమండ లోతు నీళ్లలో పచ్చగా పరుచుకుని ఉంటుంది గడ్డి. చూస్తే వరి నారుమడిలా ఉంటుంది. భయం అనిపించదు. ప్రమాదం అక్కడే ఉంది.

మూడేళ్ల కిందట నాకే జరిగింది. బర్మానాలా వైపు తీరంలో, గడ్డి లెక్కకి నేలమీద పెట్టే చదరపు చట్రం దగ్గర వంగి ఆకులు కొలుస్తున్నాను. ముందు సముద్రం ఎక్కడో దూరంగా ఉంది, తిరిగి రావడానికి ఇంకా టైముందనుకున్నాను. నడుం నొప్పెట్టి లేచి వెనక్కి చూస్తే, వచ్చేటప్పుడు పొడిగా దాటిన పల్లం తొడల్లోతు నీళ్లతో పారుతోంది. ఒడ్డుకీ నాకూ మధ్య కాలవ. నోట్సు తలమీద పెట్టుకుని దాటాను. డుంగీ (చిన్న పడవ) నడిపే మామయ్య అప్పటిదాకా ఏమీ అనలేదు, నన్ను చూసి ఒక్క మాటన్నాడు: "నీళ్లు ముందు నుంచి రావు బాబూ. వెనక నుంచొస్తాయి."

అందుకే మా జట్టులో మొదటి నియమం ఇది. ఎంతమంది వెళ్లినా ఒకరు గడ్డి వైపు చూడకూడదు. వాళ్లకి చట్రం ఇవ్వం, కెమెరా ఇవ్వం. వాచీ, విజిల్ ఇస్తాం. వెనక ఉన్న పల్లాలు, మబ్బు, మడ అడవి అంచు, మనుషుల లెక్క, ఇవే ఆ మనిషి పని. బోరు కొడుతుంది, నిజమే. వంతులు వేసుకోండి. అంతేగాని "నేనూ ఒక చేయి వేస్తాను" అని విజిల్ జేబులో పెట్టుకుని వంగొద్దు.

టైము లెక్క కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఆటుపోట్ల పట్టికలో ఆటు వేళ, అంటే నీరు పూర్తిగా తీసే వేళ చూసుకుని సరిగ్గా ఆ వేళకే బయల్దేరతారు. అప్పటికి పని సగం అయిపోయి ఉండాలి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, మా నోటికి ఇంకా పాత పేరే) పెద్ద ఆటుపోట్లప్పుడు తేడా దాదాపు 2 మీటర్లు. నీరు తిరిగేటప్పుడు ఒకే వేగంతో పెరగదు. మొదటి గంటలో సుమారు పన్నెండో వంతు, అంటే 17 సెంటీమీటర్లు. రెండో గంటలో దానికి రెట్టింపు, మూడో గంటలో అర మీటరు. మొదటి గంట ఏమీ కానట్టే ఉంటుంది, కానీ బల్లపరుపు నేలమీద ఆ 17 సెంటీమీటర్లే పల్లాలన్నీ నింపేస్తుంది. కాబట్టి ఆటుకి గంటన్నర ముందే చేరుకోండి. ఆటు దాటిన అరగంటకి టేపులు చుట్టేయండి, ఎన్ని చట్రాలు మిగిలినా సరే.

మిగలకుండా ఉండాలంటే మనుషుల లెక్క సరిగ్గా ఉండాలి. మేం పాటించే పద్ధతి 1998లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో మొదలైన సీగ్రాస్ వాచ్ వాళ్లది. 50 మీటర్ల టేపులు మూడు, ఒకదానికొకటి 25 మీటర్ల ఎడంలో. ప్రతి 5 మీటర్లకీ ఒక్కో పక్క అర మీటరున్న చదరపు చట్రం. ఒక్కో టేపుకి 11, మొత్తం 33. చట్రానికి నాలుగు నిమిషాలు వేసుకున్నా ఒక్క జంటే చేస్తే రెండు గంటలు దాటుతుంది. మూడు జంటలైతే ముప్పావుగంట. కావలి మనిషితో కలిపి ఏడుగురు. ముగ్గురే వచ్చారా, ఒక్క టేపే చేయండి. మూడూ పూర్తి చేద్దామని హీరోయిజం వద్దు.

ఇంకో మాట. "మా నాన్న చెప్పాడు, నీళ్లు ఇక్కడిదాకానే వస్తాయి" అనే లెక్కలు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగింది, ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది. సిప్పీఘాట్ దగ్గర పొలాలు అప్పుడే ఉప్పునీటి పాలయ్యాయి. ఆ ముందునాటి గుర్తులు ఇప్పుడు పనికిరావు. సర్వే ఆఫ్ ఇండియా ఆటుపోట్ల పట్టిక చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఆ పట్టికనీ నమ్మొద్దు, ఆ రోజు మానేయండి.

ఇక మొసలి. దీని గురించి కొత్తవాళ్లు ఎక్కువ అడుగుతారు, పాతవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఊరుకోవద్దు. ఉప్పునీటి మొసలి ఇక్కడి మడ అడవుల్లో, కాలవల నోళ్ల దగ్గర ఉంటుంది. 2010లో హావ్‌లాక్ దీవిలో ఒక పర్యాటకురాలు దాని బారినపడి చనిపోయింది. అటవీ శాఖ హెచ్చరిక బోర్డు ఉన్నచోట, కాలవ సముద్రంలో కలిసేచోట గడ్డి ఎంత బాగున్నా లెక్కకి దిగొద్దు. చేపల వ్యర్థాలు పడేసే జెట్టీల పక్కన కూడా అంతే. మరో చిక్కు, మన గడియారానికి ఇక్కడ పొద్దు త్వరగా గుంకుతుంది. నవంబర్, డిసెంబర్ నెలల్లో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు దిగిపోతాడు. పట్టికలో ఆటు 4 గంటలకని ఉంటే, మీరు తిరిగొచ్చేది మసకచీకట్లో, పెరిగే నీళ్లలో. అలాంటి రోజు వదిలేసి మరో రోజు చూసుకోవడమే నయం. పని అయ్యాక చట్రాలు, బూట్లు నీటి అంచున కూర్చుని కడగొద్దు. బకెట్‌తో నీళ్లు పైకి తెచ్చుకోండి.

కాళ్ల విషయానికొస్తే, చెప్పులు ససేమిరా వద్దు. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. రాతిచేప నిజంగా రాయిలాగే ఉంటుంది, నాచు పట్టి, సగం ఇసుకలో దిగి. దాని వీపుమీది ముళ్లు పలచని రబ్బరులోంచి దిగిపోతాయి. టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, తోక ముల్లు విషం. నీళ్లున్న ఇసుక పల్లాల్లో కాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే అది ముందే తప్పుకుంటుంది. గడ్డి మీదకొచ్చాక మాత్రం ఈడవకండి, వేళ్లు లేచిపోతాయి. టేపుకి ఒకే పక్కన, ముందువాడి అడుగులోనే అడుగు వేయండి. చట్రం ఎప్పుడూ రెండో పక్కన పెట్టాలి.

ముల్లు దిగితే వేడినీళ్లే మొదటి వైద్యం. రెండు ఫ్లాస్కుల్లో మరిగిన నీళ్లు తీసుకెళ్లండి, చల్లనీళ్లు కలిపి సుమారు 45 డిగ్రీలకు తేవాలి. వేడి ఎంతుందో దెబ్బ తగలని మనిషి తన చేయి పెట్టి చూడాలి. దెబ్బ తగిలినవాడికి ఆ కాల్లో వేడి తెలియదు, చర్మం కాలిపోతుంది. నొప్పి తగ్గేదాకా, గంటన్నర వరకూ ముంచి ఉంచొచ్చు. తర్వాత, తగ్గినా తగ్గకపోయినా, ఆసుపత్రికి. శంకులాంటి రంగురంగుల గవ్వ కనిపిస్తే చేత్తో తీయొద్దు. కోన్ స్నెయిల్ కుడితే నొప్పి పెద్దగా లేకపోయినా ప్రాణం మీదకి రావొచ్చు. కాలో చెయ్యో కదలకుండా గట్టిగా బ్యాండేజీ చుట్టి వెంటనే డుంగీ ఎక్కించండి.

ఒడ్డున కుట్టే ఇసుక ఈగలకి పొడుగు ప్యాంటు, కొబ్బరినూనె. గోక్కుంటే పుండ్లు పడతాయి.

ఇప్పుడు గడ్డికి మన వల్ల, లెక్కకి మన కళ్లవల్ల జరిగే నష్టం. వండూర్ దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఎక్కడైనా సరే సముద్ర దోసకాయను ఎత్తి ఫొటో దిగొద్దు, అది కాయ కాదు, ప్రాణి, దానికి చట్టం రక్షణ ఉంది. చట్రాన్ని పచ్చగా ఉన్న వైపు నాలుగు వేళ్లు జరపాలని చేయి లాగుతుంది, నాకూ లాగుతుంది. టేపు మీద 25 అని ఉంటే 25 దగ్గరే పెట్టాలి, అక్కడ ఇసుకే ఉంటే సున్నా రాయాలి. ఒకసారి చట్రంలో సగం గడ్డి, సగం బోసిగా వచ్చింది. పక్కకి చూస్తే జానెడు వెడల్పున వంకర్లు తిరిగిన దారి. చెంచా ఆకుల హాలోఫిలా అనే గడ్డిని వేళ్లతో సహా పెకలించి మేసుకుంటూ పోయిన డుగాంగ్ (సముద్రపు ఆవు) జాడ. చట్రం జరిపి ఉంటే అది మా కాగితంలోకి ఎక్కేదే కాదు.

ఆకుల చివర్లు నల్లబడి ఉంటే వెంటనే కాలుష్యం అని రాసేయకండి. మిట్టమధ్యాహ్నం ఆటులో ఎండకి మాడినా అలాగే ఉంటుంది. ఆకు మీద వేలు రాస్తే బూజులా వచ్చేది నాచు. దాన్ని విడిగా ఎంత శాతమో రాయండి. వాన తర్వాత కొట్టుకొచ్చిన మట్టి కింద ఆకులు కూరుకుపోయి ఉంటే అదీ రాయండి. పోలిక ఎప్పుడూ కిందటి ఏడాది అదే నెలతోనే. లెక్క మొదలెట్టే ముందు అందరూ ఒకే చట్రం చూసి అందులో గడ్డి ఎంత శాతమో ఎవరికి వారు రాసుకోండి. ఒకరిది 30, ఇంకొకరిది 60 వస్తే, అది అక్కడే తేల్చుకోవాలి.

ఒడ్డెక్కాక కావలి మనిషి తలలు లెక్కపెట్టి, విజిల్ తిరిగిచ్చేస్తారు. ఫ్లాస్కుల్లో నీళ్లు మిగిలితే టీ పొడి నా సంచిలోనే ఉంటుంది.