కోమో సరస్సు ఒడ్డున గటక దొరుకుతుంది: మన ప్రాంతం నుంచి వెళ్ళేవారికి భోజన సూచనలు

ఇటలీలోని మిలాన్‌లో చదువుకుంటున్న పిల్లలను చూడడానికి వరంగల్, హనుమకొండల నుంచి వెళ్ళే తల్లిదండ్రులు అక్కడికి రైల్లో దాదాపు గంట దూరంలో ఉన్న కోమో సరస్సును కూడా చూడాలనుకుంటారు. అక్కడికి చేరాక చాలామంది తెలిసిన పేరు కదా అని పిజ్జాతో సరిపెట్టుకుంటారు, లేదా భారతీయ హోటల్ కోసం వెతుకుతూ సగం రోజు పోగొట్టుకుంటారు. ఆ సరస్సు ఒడ్డు పల్లెల పాత తిండి మన ఇంటి తిండికి అంత దూరమైనది కాదు కాబట్టి, ఆ రెండింటి అవసరమూ లేదని నా అభిప్రాయం.

మొదట పొలెంటా సంగతి. మక్క రవ్వను మరిగే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా ముప్పావు గంట, ఒక్కోసారి గంట సేపు కలుపుతూ ఉడికించే ఈ వంటకం నిజానికి మన మక్క గటకే. మనం దాన్ని మజ్జిగతోనో పులుసుతోనో తింటే, వారు వెన్న, జున్ను (చీజ్)లతో తింటారు. వెన్నలో వెల్లుల్లిని, సేజ్ ఆకును వేయించి, కరిగిన జున్నుతో కలిపి ఇచ్చే ‘పొలెంటా ఉంచా’ శాకాహారులకు కడుపు నిండే భోజనం, కొంచెం బరువైన భోజనం కూడా. సరస్సు ఒడ్డునున్న బెల్లాజియో ఊరి వైపు ‘తోక్’ అనే మరో రకం ఉంది. వెన్న, జున్ను బాగా పట్టించిన ఆ పొలెంటాను అందరూ ఒకే పాత్ర చుట్టూ కూర్చుని చేత్తో తినడం అక్కడి ఆచారం. చెంచాలతో ఇబ్బంది పడే మన పెద్దవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకువెళ్ళండి, సంతోషిస్తారు.

చేపలు తినేవారికి అక్కడ లోటు ఉండదు. పాకాల, లక్నవరం చెరువుల చేపకు అలవాటు పడిన నాలుకకు మంచినీటి చేప రుచి కొత్తేమీ కాదు. పెర్సికో అనే చేప ముక్కలకు పిండి అద్ది, వెన్నలో వేయించి, రిసొట్టో అన్నం మీద పెట్టి ఇచ్చేది అక్కడి పేరున్న వంటకం. ఆ అన్నం మధ్యలో కాస్త పలుకుగానే ఉంటుంది, అది వారి పద్ధతి కనుక ఉడకలేదని వెనక్కి పంపకండి. ఇక మన ఒట్టి చేపలకు చుట్టమనదగినది ‘మిస్సోల్తీని’. అగోనె అనే చిన్న చేపలను ఉప్పు పట్టించి, ఎండబెట్టి, బిర్యానీ ఆకులాంటి బే ఆకుల మధ్య పేర్చి బరువుతో అదిమి నిలవ చేస్తారు. తినేముందు కాల్చి, వెనిగర్ చల్లి, పొలెంటాతో వడ్డిస్తారు. వాసన ఘాటుగా ఉంటుంది గాని, గటకలో ఒట్టి చేప నంజుకున్నవారికి అది ఇంటి వాసనే.

కొన్ని మాటలు నేర్చుకోక తప్పదు. మాన్జో అంటే ఎద్దు మాంసం, విటెల్లో అంటే దూడ మాంసం, మయాలె అంటే పంది మాంసం. బ్రెసావోలా అనే పలుచని ఎండు మాంసం ముక్కలు సాధారణంగా ఎద్దు మాంసంవే. కుంకుమపువ్వుతో పసుపు పచ్చగా కనిపించే మిలాన్ రిసొట్టోలో సంప్రదాయంగా ఎద్దు మూలుగ వేస్తారు, కాబట్టి రంగు చూసి పులిహోర అనుకోవద్దు. కూరగాయల రిసొట్టోను కూడా మాంసపు రసంతో వండే అవకాశం ఉంది, కనుక ‘బ్రోడో’, అంటే ఆ రసం, దేనితో చేశారని అడగండి. కఠిన శాకాహార నియమం పాటించేవారు పార్మెజాన్ అనే జున్ను తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన తోడు వాడతారని కూడా గుర్తుంచుకోవాలి. ఒక మేలు మాత్రం ఉంది: ఇటలీలో ‘పెపెరోని’ అంటే సాసేజ్ కాదు, బెంగుళూరు మిర్చి.

వేళల విషయంలో మా కుటుంబానికి మొదటి రోజే పాఠం అందింది. పడవ దిగి మధ్యాహ్నం మూడున్నరకు హోటల్ వెతికితే, అన్ని చోట్లా వంటగది మూసే ఉంది. భోజనం సుమారు పన్నెండున్నర నుంచి రెండున్నర వరకే, మళ్ళీ రాత్రి ఏడు దాటాకే. బెల్లాజియో, వరెన్నా వంటి ఊళ్ళలో రాత్రి భోజనానికి ఆగదలిస్తే చివరి పడవ వేళ ముందే చూసుకోవాలి.

బిల్లులో ‘కోపెర్తో’ అని మనిషికి రెండు మూడు యూరోలు కనిపిస్తే అది మోసం కాదు, కూర్చున్నందుకు తీసుకునే రుసుము. అసలు జాగ్రత్త చేప దగ్గరే అవసరం. ధర పక్కన ‘ఎత్తో’ అని ఉంటే అది నూరు గ్రాముల ధర మాత్రమే, చేప మొత్తానిది కాదు. పేరు పక్కన నక్షత్రపు గుర్తు ఉంటే సాధారణంగా అది మంచులో నిలవ చేసిన సరుకు. కాఫీని కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ధర తక్కువ. బిల్లు అడిగితేనే తెస్తారు, ‘ఇల్ కోంతో’ అంటే చాలు.

కారం లేనిదే ముద్ద దిగదనేవారు ఇంటి నుంచి నిమ్మ తొక్కు, సకినాలు తీసుకువెళ్ళవచ్చు. నెయ్యి, కోవా, మటన్ పచ్చడి మాత్రం సంచిలో పెట్టకండి. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని నిషేధించింది కనుక విమానాశ్రయంలోనే వాటిని తీసేసుకుంటారు.