పిల్లల క్షయ మందులు: వయసు కాదు, బరువు చూడండి

నేను పిల్లల వార్డులో నర్సును. క్షయ మందులు మొదలుపెట్టే బిడ్డ ఎవరైనా సరే, బూట్లు, బరువైన బట్టలు తీయించి తూకం మీద నిలబెట్టిన తర్వాతే మాత్రల సంగతి. ఒకే వయసు పిల్లల్లో ఒకరు 11 కిలోలుంటే మరొకరు 16 ఉంటారు. ఇద్దరికీ ఒకే మోతాదు ఎలా సరిపోతుంది?

మామూలు క్షయకు రోజుకు కిలో బరువుకు ఐసోనియాజిడ్ 10 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 15, పైరజినమైడ్ 35, ఎథాంబుటాల్ 20. పెద్దలకు మొదటి రెండూ 5, 10 మాత్రమే. పిల్లలకు ఎక్కువెందుకని తల్లులు కంగారుపడతారు. పసివాళ్ల శరీరం ఈ మందులను తొందరగా ఖర్చు చేసేస్తుంది. చిన్నబిడ్డ కదా, సగం చాలులే అని తగ్గిస్తే రక్తంలో మందు చాలదు, జబ్బు లోపలే ఉండిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

పిల్లల మాత్రలో రిఫాంపిసిన్ 75, ఐసోనియాజిడ్ 50, పైరజినమైడ్ 150 మిల్లీగ్రాములు కలిసే ఉంటాయి. 4 కిలోల నుంచి 8 లోపు ఒకటి, 12 లోపు రెండు, 16 లోపు మూడు, 25 లోపు నాలుగు. ఎథాంబుటాల్ అవసరమైతే విడిగా ఇస్తారు. రెండు నెలల తర్వాత పైరజినమైడ్ లేని మాత్రలకు మారుస్తారు. 4 కిలోలు కూడా లేని పసికందుకు మోతాదు డాక్టరే లెక్కకట్టాలి.

ఆ రోజు మాత్రలన్నీ చిన్న గ్లాసులో వేసి 50 మిల్లీలీటర్ల తాగునీరు పోయండి. కరిగాక గ్లాసు తిప్పుతూ పది నిమిషాల్లోపే తాగించండి. తాగేశాక గ్లాసు అడుగు ఒకసారి చూడండి, అంచుల్లో పొడి అంటుకుని కనిపిస్తుంది. అదీ మందే. కాసిన్ని నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లూ పట్టించండి. పరగడుపున ఇస్తే మంచిది. తాగిన కాసేపటికే వాంతయితే మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరునో నర్సునో అడిగే తేల్చుకోండి.

మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్లే, భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

మందు పనిచేస్తుంటే బిడ్డ ఒళ్లు చేస్తుంది, దాంతో మోతాదూ మారుతుంది. 11.6 కిలోలప్పుడు రెండు మాత్రలు వేసుకున్న బిడ్డ 12.3కు వస్తే మూడు వేయాలి. అందుకే చూపించడానికి వచ్చిన ప్రతిసారీ తూయించి, కొత్త బరువునూ మాత్రల సంఖ్యనూ చికిత్స కార్డులో రాయించుకోండి.