ఏటవాలు స్థలంలో నిస్సాన్ వన్ టన్‌ని నిలపడం

మా ఇల్లు హైదరాబాద్ యాప్రాల్‌లో. గేటు దాటగానే స్థలం లోపలికి పల్లంగా దిగుతుంది. కుడి సగం పుట్టు బండ. ఎడమ సగం ఎవరో సెల్లార్ తవ్వినప్పుడు వచ్చిన నల్లమట్టి, ఇటుక ముక్కలు పోసి చదును చేసిన నేల. నా నిస్సాన్ వన్ టన్ అక్కడే ఉంటుంది. నిస్సాన్ లైసెన్సు మీద జబల్‌పూర్‌లో సైన్యం కోసం కట్టిన బండి, ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోల్ ఇంజన్. నేను ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇలాంటి బండ్ల కింద పడుకునే నా సగం వయసు గడిచింది.

సైనిక్‌పురి, అల్వాల్, కౌకూరు వైపు కుర్రాళ్లు జోంగాలు, వన్ టన్‌లు, శక్తిమాన్‌లు లాంటి సైన్యం వాడిన పాత బండ్లు తెచ్చుకుంటున్నారు. ఇంజన్ గురించి అడుగుతారు, టైర్ల గురించి అడుగుతారు. ఎక్కడ నిలుపుతావు తమ్ముడూ అంటే మాత్రం ఖాళీ జాగా చూపించి ఊరుకుంటారు. నడిచే బండి బరువు నేల మీద ఒక్క క్షణం పడి పోతుంది. నిలిపిన బండిని అదే నేల నాలుగు నెలల వానాకాలమంతా మోయాలి. అందుకే బండి కొనకముందే జాగా చూసుకోమంటాను.

నాకది 2020 అక్టోబర్ 13 రాత్రి తెలిసింది. నగరమంతా మునిగిన వాన అది. తెల్లారి చూస్తే ఎడమ వెనక చక్రం జానెడు లోతు దిగింది. బాడీకీ ప్రహరీకీ మధ్య అడుగున్నర సందు ఉండాల్సింది, నాలుగు వేళ్లు మిగిలింది. గోడ అవతల పక్కింటివాళ్ల పిల్లలు ఆడుకునే చోటు. ఆ ఉదయం నా కాళ్లు వణికాయి. ఇంజన్ స్టార్ట్ చేసి లాగేద్దామని మా అల్లుడు అన్నాడు. వద్దన్నాను. మెత్తటి మట్టిలో చక్రం తిరిగితే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది, బండి ఇంకా గోడ మీదికి వాలుతుంది. ముందు హుక్కుకు లారీ తాడు కట్టి గేటు పక్కనున్న పెద్ద గుండుకు బిగించాం. పలక మీద బాటిల్ జాకీ పెట్టి యాక్సిల్‌ని కొంచెం కొంచెంగా లేపుతూ, లేచినంత మేర చక్రం కింద రాళ్లు, చెక్కలు నెట్టాం. చేత్తో కాదు, పారతో. పక్కనే చిన్న కాలువ తీసి నీళ్లు దిగిపోయేదాకా ఆగి మర్నాడు బయటికి తెచ్చాం.

తరవాత ఆ జాగాని మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాను. మీరు బండి తెచ్చేముందే చేసుకోండి.

మొదట గడ్డపార పట్టుకుని బండి నిలిపే చోటంతా అడుగడుగునా గుచ్చి చూడండి. చేతి బలానికే జానెడు దిగిపోతే అది పోసిన మట్టి, దాన్ని నమ్మొద్దు. బండ ఉన్నచోట కొట్టి చప్పుడు వినండి. మన హైదరాబాద్ గ్రానైట్ ఉల్లిపొరల్లా పలకలుగా లేస్తుంది. ఖంగుమంటే గట్టి బండ, డొల్లగా మోగితే పలక కింద ఖాళీ ఉన్నట్టే. బరువు పడితే ఆ పలక విరగొచ్చు. మా జాగాలో గేటుకు ఆరడుగుల లోపల అలాంటి పలక ఒకటి దొరికింది. సమ్మెట పెట్టి తీయించేశాను.

వాలు కొలవడానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. ఈ బండికి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి సుమారు 9 అడుగులు. ఆ దూరంలో 9 అంగుళాలకు మించి పల్లం ఉంటే నేను బండి నిలపను, ముందు నేలని సరిచేస్తాను. అడ్డంగా, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య, రెండు మూడు అంగుళాలు దాటనివ్వను. నిలువు వాలుని చక్రాలకి అడ్డంగా ఆనించే చెక్కలు ఆపుతాయి. అడ్డ వాలులో కిందివైపు చక్రాల మీద బరువు పెరుగుతూ పోతుంది, నేల దిగేదీ అటే.

బరువు లెక్క ఒకటి చెప్తాను. కాటా వేయిస్తే నా బండి 2,800 కిలోల చిల్లర తూగింది. చక్రానికి 700 కిలోలు అనుకోండి. ఆ 700 కిలోలూ నేలకి తగిలేది రెండు అరచేతులు పక్కపక్కన ఆనించినంత మేర. అదే చక్రం కింద రెండడుగుల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పున్న పాత రైల్వే చెక్క స్లీపర్ ముక్క పెడితే నేల మీద ఒత్తిడి దాదాపు అయిదో వంతుకు దిగుతుంది. టింబర్ డిపోలో అడిగితే కోసి ఇస్తారు. వానాకాలానికి నాలుగు ముక్కలు ఇంట్లో ఉండాల్సిందే.

మా మేస్త్రీ మొత్తం మీద సిమెంటు బెడ్ వేసేద్దాం సార్ అన్నాడు. పోసిన మట్టి మీద సిమెంటు వేస్తే కింద మట్టి కుంగుతుంది, పైన బెడ్ పగులుతుంది, పగుళ్లలో దిగిన నీళ్లు ఇంకా కుంగదీస్తాయి. అందుకని చక్రాలు నిలిచే రెండు పట్టీలు మాత్రమే కట్టించాను, ఒక్కోటి మూడడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. గట్టి మొరం తగిలేదాకా నల్లమట్టి తోడించాం. మా దగ్గర అది రెండడుగుల లోతుకి తగిలింది. అడుగున చేతి సైజు రాళ్లు పేర్చి, సందుల్లో కంకర, ఆపైన క్రషర్ డస్ట్ కలిపిన మొరం. మొరం ఒక్కసారే పోసెయ్యొద్దు. ఆరంగుళాల పొర పోయడం, తడపడం, దిమ్మిస కొట్టడం, ఆ తరవాతే ఇంకో పొర. కూలీలు విసుక్కున్నారు, నేను టీలు పోయిస్తూ పక్కనే నిలబడ్డాను. పట్టీల మధ్య కంకర వదిలేశాను, ఆయిల్ కారితే ట్రే పెట్టుకోవచ్చు, పాకుతూ కిందికి పోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం పైవైపు కాలువ. గేటు నుంచి వచ్చే వాన నీళ్లు పట్టీల్లోకి చేరకముందే పక్కకి తిప్పేయాలి. జానెడు వెడల్పు, జానెడు లోతు చాలు, కానీ ఆకులు తీస్తూ ఉండాలి. పందికొక్కులనీ కనిపెట్టుకోవాలి. పట్టీ అంచున కొత్త మట్టి కుప్ప కనబడితే లోపల బొరియ పడినట్టు. రాళ్లు, మొరం దట్టించి మూసేయాలి.

బండిని వెనక్కి నడిపి లోపల పెడతాను, ముక్కు గేటు వైపు ఉంటుంది. బ్యాటరీ చచ్చినా, ఇంజన్ మొరాయించినా ముందు హుక్కుకు తాడు కట్టి లాగే వీలు ఉంటుంది. లో రేంజ్‌లో, అంటే బండిని నెమ్మదిగా, బలంగా నడిపే గేర్ల వరసలో, రివర్స్ వేసి, మనిషి నడక కన్నా నెమ్మదిగా. దారి చూపే మనిషి మీ అద్దంలో కనబడేంత పక్కగా ఉండాలి. బండికీ గోడకీ మధ్యకి గానీ, పల్లం వైపు వెనక్కి గానీ ఎవ్వరూ రాకూడదు. ఆ మనిషి కనబడకపోతే అక్కడే ఆపేయండి.

నా బండిలో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేరు పెట్టె) వెనక, ఆ బలాన్ని వెనక యాక్సిల్‌కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటుంది. అది షాఫ్ట్‌నే పట్టుకుంటుంది. కాబట్టి వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచినా, బురదలో పట్టు తప్పినా, రెండు చక్రాలనీ వేరువేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ దాన్ని వెనక్కి తిప్పి రెండోదాన్ని దొర్లనిస్తుంది. బ్రేకు వేసే ఉంటుంది, బండి కదిలిపోతుంది. ఇది ఎవరు చెప్పినా నమ్మరు, అందుకే మళ్లీ చెప్తున్నాను: వాలులో ఒక్క చక్రమైనా లేపే ముందు మిగతా చక్రాలకి చెక్కలు పడాలి.

ఇంకో పొరపాటు, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో వదిలేసి గేర్ వేశాం కదా అని దిగిపోవడం. అప్పుడు ఆ గేరుకి చక్రాలతో సంబంధమే ఉండదు. ఫుట్ బ్రేక్ తొక్కి ఉంచి, ఫోర్ వీల్ లో రేంజ్ వేసి, ముక్కు ఎత్తు వైపు ఉంటే ఫస్ట్ గేర్ వేసి, ఇంజన్ ఆపండి. ముందు హబ్బుల్లో చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే లాక్ ఉంటే అదీ వేయండి. అప్పుడు ముందు యాక్సిల్ కూడా పట్టుకుంటుంది. తోడు మనిషి పక్క నుంచి పల్లం వైపు చక్రాలకి తుమ్మ చెక్కలు ఆనించాక, బ్రేకు మెల్లగా వదిలి బండి బరువు చెక్కల మీదికి రానివ్వండి. ఆ తరవాతే హ్యాండ్ బ్రేక్. ఎత్తు వైపు కూడా చెక్కలు పెట్టి, జతని గొలుసుతో కలిపి కట్టేస్తాను. పిల్లలు ఆడుకుంటూ లాగేయకుండా.

వానాకాలంలో హ్యాండ్ బ్రేక్ షూ తుప్పుతో డ్రమ్ముకి పట్టేస్తుంది. వారానికోసారి, చెక్కలు ఉన్నాయని చూసుకుని, ఫుట్ బ్రేక్ తొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేక్ ఒకసారి వదిలి మళ్లీ వేయండి. నెలకోసారి గాలి చూసి, ఒక అరచుట్టు ముందుకి కదిపితే టైర్ల అడుగు చదును కాకుండా ఉంటుంది. కప్పే టార్పాలిన్ ముదురాకుపచ్చదే కావాలంటే వేసుకోండి, కానీ బండికి మాత్రం ఆలివ్ గ్రీన్ రంగు వేయొద్దు, అది సైన్యం వాహనాలకే. నాది బూడిద రంగు.

చివరగా, ప్రహరీకి బాడీ ఎదురుగా ఒక మేకు కొట్టి ఉంచాను. అక్కడి నుంచి బాడీ అంచుకి 18 అంగుళాలు అని సుద్దతో గోడ మీదే రాసి పెట్టాను. పెద్ద వాన పడిన ప్రతి ఉదయం టేపు తీసుకుని కొలుస్తాను. బండి కదపకుండా అంగుళం తగ్గినా ఆ రోజే బయటికి తీసి గుంతలో మొరం నింపాలి. పోయిన వానాకాలమంతా 18 కి అటూ ఇటూ కదల్లేదు.