పాత పీసీ చేతిపని – 4వ పాఠం: డ్రైవర్లను పైకెక్కించడం

గత పాఠంలో కాన్ఫిగ్.సిస్‌లో (పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ లేచేటప్పుడు చదివే ఫైలు) హైమెమ్.సిస్ (పై మెమరీని అందించే డ్రైవరు) ఎక్కించి, డాస్=హై అని రాసి, డాస్‌లో చాలా భాగాన్ని మొదటి మెగాబైటు దాటించాం. కింది 640 కేబీలో దాదాపు 45 కేబీ అలా ఖాళీ అయింది. అయినా సీడీ డ్రైవు, మౌస్, నెట్‌వర్క్ కార్డు మూడింటి డ్రైవర్లూ ఆ 640 కేబీలోనే కూర్చునే 486 ప్రాసెసర్ యంత్రంలో ఫాక్స్‌ప్రో లెక్కల ప్రోగ్రాం మెమరీ చాలదని మొండికేయవచ్చు. గుంటూరులో మిర్చి కొట్టు పాత ఖాతాలు అలాంటి యంత్రంలోంచి బయటికి తీయాలంటే ముందు ఈ అడ్డు తొలగించాలి. యంత్రం మీద ఇంకా లెక్కలు నడుస్తుంటే, యార్డుకు వేసవి సెలవులిచ్చాకే దీని జోలికి వెళ్లండి.

ముందు ఫార్మాట్ ఏ: /ఎస్ కొట్టి బూట్ ఫ్లాపీ చేసుకోండి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో ఉన్నా టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) కాన్ఫిగ్.సిస్‌ను అందులోకి కాన్ఫిగ్.ఓల్డ్ అనే పేరుతో కాపీ చేయండి. అసలు పేరుతోనే ఉంచితే ఫ్లాపీతో లేపినా ఆ డ్రైవర్లన్నీ మళ్లీ ఎక్కి కూర్చుంటాయి. డాస్ 6 అయితే స్టార్టింగ్ అనే మాట కనబడగానే ఎఫ్5 నొక్కితే కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ (లేచాక నడిపే కమాండ్ల ఫైలు) రెండిటినీ వదిలేస్తుంది, ఎఫ్8 నొక్కితే ఒక్కో లైనూ అడిగి నడుపుతుంది.

640 నుంచి 1024 కేబీ దాకా ఉన్న 384 కేబీ చిరునామాలు వీడియోకి, బయాస్‌కి (యంత్రాన్ని లేపే చిప్పులోని ప్రోగ్రాం) కేటాయించినవి. ఈ చిరునామాలు 0-9, ఏ-ఎఫ్ అనే పదహారు అంకెల లెక్కలో (హెక్సా) ఉంటాయి. ఏ000 నుంచి బిఎఫ్ఎఫ్ఎఫ్ వరకు వీడియో మెమరీ. సి000 నుంచి సి7ఎఫ్ఎఫ్ వరకు సాధారణంగా విజిఏ బయాస్. ఎఫ్000 నుంచి సిస్టమ్ బయాస్. నడుమ ఖాళీల్లో చిరునామాలు ఉంటాయి గానీ వాటి వెనక ర్యామ్ ఉండదు. ఎక్స్‌టెండెడ్ మెమరీలోంచి (మొదటి మెగాబైటు పైనున్నది) ర్యామ్ తెచ్చి అక్కడ అప్పర్ మెమరీగా (యుఎంబి) కనబడేలా చేసేది ఇఎమ్ఎమ్386. దానికి 386 ప్రాసెసర్ గానీ ఆపైది గానీ ఉండాలి, 286 మీద నడవదు.

కాన్ఫిగ్.సిస్ ఇలా ఉండాలి:

డివైస్=సి:\డాస్\హైమెమ్.సిస్
డివైస్=సి:\డాస్\ఇఎమ్ఎమ్386.ఇఎక్స్ఇ నోఇఎమ్ఎస్ ఎక్స్=డి000-డి3ఎఫ్ఎఫ్
డాస్=హై,యుఎంబి
డివైస్‌హై=సి:\సీడీ\ఓక్‌సీడీరోమ్.సిస్ /డి:ఎంఎస్‌సీడీ001
డివైస్‌హై=సి:\మౌస్\మౌస్.సిస్

మొదటి రెండు లైన్ల వరస తారుమారు చేయకండి. నోఇఎమ్ఎస్ గానీ ర్యామ్ గానీ రాయకపోతే ఇఎమ్ఎమ్386 ఎక్స్‌పాండెడ్ మెమరీ (పేజ్ ఫ్రేమ్ అనే కిటికీలోంచి ప్రోగ్రాములు చూసే అదనపు మెమరీ) మాత్రమే ఇస్తుంది. పైన డ్రైవర్లకు చోటే దొరకదు, డివైస్‌హై అని ఎన్ని లైన్లు రాసినా దండగే. ఎక్స్= అన్నది నెట్‌వర్క్ కార్డు తన మెమరీ పెట్టుకున్న చోటును ముట్టుకోవద్దని చెప్పడానికి. ఇది మరిస్తే కార్డు దొరకదు, లేదా యంత్రం బిగుసుకుపోతుంది. ఎన్ఈ2000 రకం కార్డు ఐ/ఓ పోర్టులే వాడుతుంది కాబట్టి బూట్ రోమ్ చిప్పు లేకపోతే దానికి ఎక్స్= అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. ఈ చిరునామాల్లో 100 అంటే 4 కేబీ, 1000 అంటే 64 కేబీ. ఇఎమ్ఎమ్386 సి800 నుంచి డిఎఫ్ఎఫ్ఎఫ్ దాకా వాడుకుంటోందనుకుందాం. మధ్యలో కార్డు 16 కేబీ ఆక్రమించింది కాబట్టి అటు 32 కేబీ, ఇటు 48 కేబీ ముక్కలు మిగిలాయి. మొత్తం 80 ఉంది కదా అని సంబరపడొద్దు. ఒక డ్రైవరు ఒకే ముక్కలో పట్టాలి.

పైగా చోటు చెప్పకపోతే డాస్ ప్రతి డ్రైవరునూ అప్పటికి అన్నిటికన్నా పెద్దగా ఉన్న ముక్కలోకే పంపుతుంది. మౌస్ 17 కేబీ అనుకోండి. దాన్ని ముందు ఎక్కిస్తే 48లోకి వెళ్లి 31 మిగులుస్తుంది. సీడీ డ్రైవరు ఫైలు 41,302 బైట్లు, ఎక్కేటప్పుడు అంత చోటూ కావాలి. 31లో పట్టదు, 32లోనూ పట్టదు. ఏ హెచ్చరికా లేకుండా కింది మెమరీలో దిగిపోతుంది. అదే సీడీ డ్రైవరు ముందు ఎక్కితే 48లో సరిపోతుంది, మౌస్ 32లోకి వెళుతుంది. అందుకే పెద్దది ముందు. డ్రైవరు స్థిరపడ్డాక కొంత చోటు వదిలేస్తుంది కాబట్టి మెమరీ ఎవరు వాడుతున్నారో చెప్పే మెమ్ /సి కమాండు చూపే అంకె చూసి మోసపోకండి, డిర్ కొట్టి ఫైలు సైజు చూడండి.

ఒక్కో మార్పు తర్వాత రీబూట్ చేసి మెమ్ /సి /పి కొట్టండి (డాస్ 5లో /పికి ఈ అర్థం లేదు, మెమ్ /సి తర్వాత నిలువు గీత, మోర్ రాయాలి). డ్రైవరు పేరు అప్పర్ మెమరీ కింద కనబడితేనే పైకెక్కినట్టు. మెమ్‌మేకర్ (డాస్ 6తో వచ్చే ప్రోగ్రాం) ఏ డ్రైవరు ఏ ముక్కలో పట్టాలో తనే లెక్కగడుతుంది, పనికొస్తుంది కూడా. కానీ లైన్ల వరస మార్చదు, కార్డును పక్కకు జరపడమూ దాని చేతిలో లేదు.

ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఎంఎస్‌సీడీఎక్స్‌కు (సీడీ డ్రైవుకు అక్షరం ఇచ్చే ప్రోగ్రాం) ముందు ఎల్‌హెచ్ (పైకెక్కించే కమాండు) పెడతాం. ఇప్పుడు మిగిలిన చిన్న ముక్కల్లో అది పట్టదు. రంగుల విజిఏ అయితే ఇఎమ్ఎమ్386 లైనులో ఐ=బి000-బి7ఎఫ్ఎఫ్ రాసి మరో 32 కేబీ తెచ్చుకోవచ్చు. హెర్క్యులిస్ మోనో కార్డు ఉంటే మాత్రం వద్దు, ఆ చిరునామాలు దాని తెరవే. కొన్ని ఎస్‌విజిఏ కార్డులూ ఇక్కడ పేచీ పెడతాయి. తెర చెదిరితే వెంటనే ఆ లైను తీసేయండి. ఎంఎస్‌సీడీఎక్స్ లైనులో /ఎం: అంకె తగ్గిస్తే ఒక్కో బఫరుకు 2 కేబీ మిగులుతుంది.

ఇంతకన్నా మంచి దారి నెట్‌వర్క్ కార్డు జంపరు మార్చడం. దాని 16 కేబీని సి800-సిబిఎఫ్ఎఫ్‌కు జరిపి, ఎక్స్= కూడా అలాగే దిద్ది, కార్డు డ్రైవరు సెట్టింగులోనూ కొత్త చిరునామా ఇవ్వండి. అప్పుడు సిసి00 నుంచి డిఎఫ్ఎఫ్ఎఫ్ దాకా ఒకే ముక్కగా 80 కేబీ వస్తుంది. దాంట్లో సీడీ, మౌస్, ఎంఎస్‌సీడీఎక్స్ మూడూ ఏ వరసలో పడతాయో, చివరికి ఎంత మిగులుతుందో మీ ఫైలు సైజులతో కాగితం మీద లెక్కగట్టండి. వచ్చే పాఠంలో లోటస్ 1-2-3 కోసం నోఇఎమ్ఎస్ తీసి ర్యామ్ పెడతాం. ఎక్స్‌పాండెడ్ మెమరీ పేజ్ ఫ్రేముకే 64 కేబీ పోతుంది కనుక ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.